మాదన్న మంత్రి - బెజవాడ గుహాలయములు

కొండ కనబడినచో అచట దేవుడున్నాడని నమ్ముట తెలుగువారికి తరతరముల అలవాటు. కార్తీకమాసము వచ్చినంతనే బంధుమిత్రులు నలుగురు కూడి, కోడికూతతో లేచి, ఏ గుట్టపైననో వెలసిన స్వామిని దర్శించి, చెట్టునీడన వంటలు చేసికొని భుజించి, దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరుట నేటికిని మన పల్లెలలో, పట్టణములలో కనిపించునదే. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారు భిక్కనూరు సిద్ధరామేశ్వరుని, చుక్కాపూరు లక్ష్మీనరసింహుని, భీమగల్లు చేరువ నున్న లింబాద్రిగుట్ట నరసింహుని ఇట్లే సేవింతురు. ఆ యాత్రలలో భక్తి యెంత యుండునో స్నేహము నంతయే యుండును. ఒంటరిగా పోయి మ్రొక్కుట కంటె నలుగురితో కలిసి కొండ నెక్కుట మనవారికి ప్రియము.

ఆ ప్రాంతముల యాత్రికులే బెజవాడ కనకదుర్గను దర్శింప బోయినప్పుడు ఇంద్రకీలాద్రి పాదమున రాతిని తొలిచి కట్టిన గుహాలయములను చూతురు. వానికి అక్కన్న మాదన్న గుహలని పేరు. పేరు విన్నవారు వానిని ఆ సోదరులే తొలిపించిరని తలచుట సహజము. కాని ఆ గుహలు క్రీస్తు శకము 6, 7 శతాబ్దముల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అక్కన్న మాదన్నలు 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమును నడిపిన మంత్రులు. వేయి సంవత్సరములకు పూర్వము పేరు చెప్పని శిల్పులు తొలిచిన రాతికి ఈ మంత్రుల పేరేల నిలిచినది? ఆ సంగతి తెలియవలె నన్నచో మాదన్న జీవితము నెరుగవలెను.

పుట్టు పూర్వములు

అక్కన్న, మాదన్నలు హనుమకొండకు చెందిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి భానుజీ పంతులు. హనుమకొండ కాకతీయుల తొలి రాజధాని. అచట రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి కలదు. ఆ గుడిలో శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములు ఒకే మండపమునకు తెరచుకొని యుండును. ఒక వాకిట నిలిచినవాడు ముగ్గురు దేవతలకును మ్రొక్కవచ్చును. అట్టి నేలపై పుట్టిన వారికి శైవ వైష్ణవ భేదము పెద్దగా పట్టకపోవుటలో వింత లేదు.

ఆ కాలమున గోలకొండ కచేరీలో రెండు భాషలు నడచెడివి. సుల్తాను ఫర్మానాలు పారసీలో వెలువడినను వానిలో పెక్కింటికి తెలుగు పాఠము కూడ జతపరచెడివారు. గ్రామములలో కరణములు, దేశపాండ్యులు లెక్కలు వ్రాసినది తెలుగుననే. కావున పారసీ తెలిసి, తెలుగు లెక్కలలో ఆరితేరిన వానికి గోలకొండలో ఎప్పుడును పని దొరకుచుండెను. బీదరు దారిలో నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాసకోట మొదలు తూర్పున మచిలీపట్టణపు రేవు వరకు వ్యాపించిన రాజ్యమది. కోటలలో అధికారులు మారినను ఊరి లెక్క మారదు. భిక్కనూరు, దోమకొండ ప్రాంతములను పాలించిన కామినేని వంశీయుల వంటి తెలుగు ప్రభువులు అంతకు ముందు శతాబ్దము నుండియు గోలకొండ నీడన తమ గుడులను, కవులను పోషించుచు వచ్చిరి. షట్చక్రవర్తి చరిత్రమును రచించిన కామినేని మల్లారెడ్డి ఆ వంశమువాడే. ఇట్టి రాజ్యమున మాదన్న చిన్న వ్రాయసగానిగా కొలువు చేరి, లెక్కలే మెట్లుగా పైకి వచ్చెను.

గోలకొండ కొలువు

1672లో అబ్దుల్లా కుతుబ్ షా మరణించెను. ఆయనకు కుమారులు లేరు. కుమార్తెలను పెండ్లాడిన వారిలో ఇద్దరి నడుమ సింహాసనమునకై వివాదము పుట్టెను. అందొకడు అబుల్ హసన్. ఆయన రాజవంశపు బంధువయ్యును యౌవనమును షారాజు అను సూఫీ గురువు చెంత ఫకీరువలె గడపినవాడు. లోకము ఆయనను తానీషా యని పిలిచినది. సయ్యద్ ముజఫర్ అను బలవంతుడైన సరదారు ఆయన పక్షము వహించి సింహాసన మెక్కించెను. ఆ సయ్యద్ ముజఫర్ వద్ద లెక్కలు చూచి, పత్రములు నడిపినవాడు మాదన్న.

రాజ్యమిచ్చినవాడు రాజుపై పెత్తనము చేయగోరుట లోకరీతి. సయ్యద్ ముజఫర్ అధికారమును తానీషా సహింపలేకపోయెను. ఒక్క సంవత్సరము రెండు సంవత్సరములలో సయ్యద్ ముజఫర్ పదవి పోయెను. ఆ మార్పులో మాదన్న హస్తమున్నది. తనకు అన్నము పెట్టిన యజమానిని దింపి తా నెక్కెనని నింద వేసినవారు నాడును ఉండిరి. రాజ్యము రాజుది గాని సరదారుది కాదని సమర్థించినవారును ఉండిరి. ఎట్లున్నను 1674 నాటికి మాదన్న గోలకొండ ప్రధానమంత్రి అయ్యెను. సూర్యప్రకాశరావను బిరుదము పొందెను. అక్కన్న కోశమునకు, సైన్యమునకు సంబంధించిన వ్యవహారములను చూచెను. సోదరుల బంధువులలో పొదిలి లింగన్న దక్షిణమున కర్ణాటక ప్రాంతపు పాలనకు పోయెను. రుస్తుంరావను బిరుదముగల మరొక బంధువు సేనలో పేరొందెను.

మాదన్న చేసిన మార్పులలో ముఖ్యమైనది ఉద్యోగుల నియామకము. అంతవరకు పెద్ద పదవులలో పెక్కు పారశీకమునుండి వచ్చిన వారికి దక్కుచుండెను. మాదన్న దేశీయులను, అందును లెక్కలు తెలిసిన బ్రాహ్మణులను విరివిగా నియమించెను. కోశము నిండినది. అయితే పదవి పోయిన ప్రతివాడును శత్రువయ్యెను. పన్నుల గుత్తలు తీసికొన్నవారు రైతులను పీడించినప్పుడు ఆ నింద కూడ మంత్రి మీదికే వచ్చెను. గోలకొండ కప్పటికే మొగలు చక్రవర్తికి కప్పము కట్టవలసిన భారముండెను. ఆ కప్పమును కట్టవలె నన్నచో పల్లెలనుండి పైకము రాక తప్పదు. ఇట్లు మాదన్న పాలనలో వెలుగును నీడయు కలిసియే యుండినవి.

శివాజీ రాక

1677లో ఛత్రపతి శివాజీ దక్షిణ దిగ్విజయమునకు పోవుచు హైదరాబాదు వచ్చెను. ఆ మైత్రిని కుదిర్చినవారిలో మాదన్న ముఖ్యుడు. అక్కన్న మాదన్నలు ముందుగా ఎదురేగి స్వాగతము పలికిరి. పురవీథులు అలంకరింపబడెను. మరాఠా సైన్యము క్రమశిక్షణతో నగరమున ప్రవేశించెను. సుల్తానును శివాజీయు సమానులుగా కూర్చుండి మాటలాడిరి. మరాఠీ బఖరులలో చెప్పబడిన దాని ప్రకారము మాదన్న తన ఇంట శివాజీకి విందు చేసెను. మాదన్న తల్లి స్వయముగా వంట చేసి వడ్డించెను. సుమారు ఒక నెల గడచిన పిమ్మట శివాజీ గోలకొండ ఇచ్చిన ధనసహాయముతో, ఫిరంగులతో దక్షిణమునకు సాగెను. దారిలో శ్రీశైలమున కొన్నినాళ్లు గడపెను.

ఈ మైత్రి గోలకొండకు కొంతకాలము రక్ష. ఔరంగజేబు కంటికి మాత్రమిది ముల్లు. మాదన్నను పదవినుండి తొలగింపుమని మొగలు పక్షమునుండి వచ్చిన కోరికకు బీజము ఈ విందులోననే పడినదని చెప్పవచ్చును.

మేనల్లుడు గోపన్న

మాదన్న పేరు తెలుగు ఇండ్లలో నిలుచుటకు శివాజీ మైత్రి కంటె మరొక కారణము బలమైనది. నేలకొండపల్లిలో లింగన్నకు, కామాంబకు జన్మించిన కంచెర్ల గోపన్న మాదన్నకు మేనల్లుడు. మేనమామల ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. అచట గోదావరి తీరమున భద్రగిరిపై పోకల దమ్మక్క అను భక్తురాలు తాటియాకుల పందిరిలో రాముని పూజించుచుండెను. ఆ స్వామికి నీడ లేకపోవుట గోపన్న చూడలేకపోయెను. ప్రజలు తమంతట ఇచ్చిన విరాళములు చాలలేదు. రాజ్యమునకు చేరవలసిన పైకము గుడిలో చేరెను. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని లోకప్రతీతి.

వార్త గోలకొండ చేరినది. లెక్క తప్పినవాడు మంత్రికి మేనల్లుడు. ఆ లెక్క అడుగవలసినవాడు మంత్రి. మాదన్న జీవితమున ఇంతకు మించిన కఠినపరీక్ష మరొకటి లేదు. పేరులేని వ్రాయసగానిగా మొదలై, లెక్కలలోని నిక్కమును బట్టి పైకి వచ్చిన వాడాయన. తన వారి లెక్క నొక విధముగా, పరుల లెక్క నొక విధముగా చూచినచో ఆ కుర్చీలో కూర్చుండు అర్హత పోవును. పదవి పోయిన సరదారులు నూరు కన్నులతో కాచుకొని యున్నారు. మేనల్లుని విడిపించినచో రాజ్యము దోచి గుడి కట్టించుచున్నారని వారు సుల్తాను చెవిలో వేయుదురు. విడిపింపనిచో తోబుట్టువు కన్నీరు కట్టి కుడుపును.

గోపన్న గోలకొండ చెరసాలలో పండ్రెండు సంవత్సరములు గడపెను. నేటికిని కోటలో ఆ గదిని, గోడపై ఆయన చెక్కుకొన్న సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపములను యాత్రికులకు చూపుదురు. మేనమామలు కోటలోనే రాజ్యము నడుపుచుండిరి. మేనల్లు డా కోటలోనే కీర్తనలు కట్టుచుండెను. మధ్య నున్నది కొన్ని గోడలు మాత్రమే. సమస్త వ్యవహారములను చక్కబెట్టగలిగిన మంత్రి ఆ గోడలను దాటింపలేకపోయెను. చివరకు రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర సేవకుల వేషమున రాత్రివేళ తానీషా ఎదుటకు వచ్చి పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని, ఆ పిమ్మట గోపన్నకు విడుదల కలిగెనని భక్తుల విశ్వాసము. మంత్రికి సాధ్యము కానిది స్వామికి సాధ్యమైనది. భద్రాచలమున శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యముల తలంబ్రాలు సమర్పించు ఆచారము తానీషా నాటినుండి వచ్చినదని చెప్పుదురు.

తీరదేశ యాత్ర

తానీషా కోటలోనే కూర్చుండి రాజ్య మేలినవాడు కాడు. 1678 ప్రాంతమున పరివారముతో మచిలీపట్టణమునకు యాత్ర చేసెను. డచ్చివారు, ఇంగ్లీషువారు 17వ శతాబ్దారంభము నుండి అచట వర్తకస్థానములు నెలకొల్పుకొని యుండిరి. రాజ్యమునకు వచ్చు సుంకములలో ఆ రేవు వాటా పెద్దది. కావున లెక్క లెరిగిన మంత్రి రాజు వెంట నుండుట తగినదే. ఈ యాత్రలోనే తానీషా కూచిపూడిలో విడిది చేసి, భాగవతుల నాట్యమును చూచి ముగ్ధుడై, ఆ గ్రామమును వారికి అగ్రహారముగా ఇచ్చెనని ప్రతీతి. శ్రీకృష్ణుని కథను ఆడిపాడు బ్రాహ్మణులకు ముస్లిము ప్రభువు ఊరు ఇచ్చుట నాటి కాలపు సామరస్యమునకు గుర్తు.

హైదరాబాదు నుండి మచిలీపట్టణమునకు పోవు బాట బెజవాడ మీదుగనే సాగును. 1652లో ఆ దారిన పోయిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు బెజవాడ గుడులను, మెట్లెక్కి చేరవలసిన కొండగుడిని గూర్చి తన యాత్రాగ్రంథమున వ్రాసి యున్నాడు. అట్టి చోట గోలకొండ మంత్రులు విడిది చేయుదురు. కనకదుర్గను సేవించి, ఇంద్రకీలాద్రి పాదమున నున్న రాతిగుహలో కొలువుదీరి కచేరీ నడిపెదరని స్థలజనుల నమ్మిక. ఎండవేళ ఆ గుహలోనికి పోయి నిలుచున్న వారికి ఈ నమ్మికలోని సబబు వెంటనే తోచును. బయట కృష్ణాతీరపు ఎండ నిప్పులు చెరుగుచుండగా లోపల రాయి చల్లగా నుండును. కొండను తొలిచి స్తంభములు నిలిపిన మండపము, దాని వెనుక గర్భగృహములు. త్రిమూర్తులకు మూడు గదులు వరుసగా నున్న తీరు చూచిన మాదన్నకు పుట్టిన ఊరి వేయిస్తంభముల గుడి జ్ఞప్తికి రాకుండునా?

బెజవాడ చుట్టును ఇట్టి గుహలు మరికొన్ని కలవు. మొగల్రాజపురమున అయిదు గుహలున్నవి. కృష్ణకు ఆవలి ఒడ్డున, నేటి తాడేపల్లి మండలములోని ఉండవల్లి గుహాలయము వీనిలో పెద్దది. నలుగురు మిత్రులు కూడి ఉదయమున బెజవాడలో బయలుదేరినచో ఇంద్రకీలాద్రి గుహలను, మొగల్రాజపురమును, ఉండవల్లిని ఒక్క దినమున చూచి రావచ్చును. నాడు కృష్ణను పడవపై దాటవలసి యుండెను. నేడు 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీ మీదుగా క్షణములలో దాటవచ్చును.

ఉండవల్లి కొండ తూర్పుముఖముగా నాలుగు అంతస్తులుగా తొలువబడినది. క్రింది అంతస్తు అసంపూర్తి మండపము. రెండవ అంతస్తులో త్రిమూర్తుల గర్భగృహములు కలవు. మూడవ అంతస్తు వెలుపల చూరుపై ఋషులవలె కూర్చున్న మూర్తులును, సింహములును తూర్పున పొలములను చూచుచుండును. లోపల మసక వెలుతురులో అనంతపద్మనాభస్వామి శేషతల్పముపై పవళించి యున్నాడు. స్వామి నిడివి 5 మీటర్లకు మించినది. శేషుని పడగలు శిరస్సుపై ఛత్రమువలె విచ్చుకొని యున్నవి. నాభికమలమున బ్రహ్మ, పాదముల కడ మధుకైటభులు. స్తంభములపై, గోడలపై నరసింహాది మూర్తులు కలవు. ఈ విగ్రహమును ఎచటనో చెక్కి తెచ్చి నిలిపినది కాదు. కొండలోని రాతినే తొలిచి, స్వామి యున్నంత మేర విడిచిపెట్టి, మిగిలిన దానిని తీసివేసిరి. కొండయే స్వామి, స్వామియే కొండ.

ఇటుకతో గుడి కట్టువాడు తప్పు చేసినచో ఇటుక తీసి మరొకటి పెట్టవచ్చును. కొండను తొలుచువానికి ఆ వెసులుబాటు లేదు. కంబము పోవలసిన చోట ఉలి యొక్క వ్రేటు ఎక్కువ పడినచో ఆ రాతిని మరల అతికించు ఉపాయము లేదు. కావున వారు ముందుగా రాతిపై గీతలు గీసి, గళ్లుగా విభజించి, గళ్ల మధ్య కాలువలు తొలిచి, దిమ్మెలను ఒక్కొక్కటిగా పగులగొట్టి తీసెడివారు. ఎచట స్తంభము కావలెనో అచట రాతిని ముట్టక విడిచెడివారు. గుహాలయమును కట్టుట యనగా నిజమునకు విడిచిపెట్టుట యెరుగుట. అసంపూర్తిగా నున్న అంతస్తులను చూచువారికి ఈ పద్ధతి కొంత అవగతమగును.

ఈ గుహల కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. పలువురు వీనిని విష్ణుకుండినుల కాలమునకు చెందినవని, కొందరు అటు తరువాతివని చెప్పుదురు. తొలుత బౌద్ధులకు ఆవాసమై పిమ్మట వైష్ణవాలయమైనదని తలచువారును కలరు. విష్ణుకుండినులు తెలంగాణమునకు పరాయివారు కారు. నల్లగొండ సీమలోని తుమ్మలగూడెమున వారి తామ్రశాసనములు లభించినవి. అందలి ఇంద్రపాలనగరము వారి తొలి నెలవులలో ఒకటి. హైదరాబాదు చేరువ కీసరగుట్టపై వారి కాలపు కట్టడముల పునాదులు త్రవ్వకములలో బయల్పడినవి. వారిలో మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసిన ప్రభువని శాసనములు కీర్తించుచున్నవి. తెలంగాణపు మిట్టలనుండి బయలుదేరి కృష్ణాతీరము చేరిన రాజు లొకప్పుడు ఆ ఒడ్డున ఏలిరి. వేయి సంవత్సరముల పిమ్మట హనుమకొండ నుండి బయలుదేరిన మంత్రి అదే ఒడ్డున విడిది చేసెను.

అంత్యము

1685లో మొగలు సైన్యము షా ఆలము నాయకత్వమున గోలకొండపైకి వచ్చెను. సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీము శత్రువుతో చేరిపోయెను. తానీషా హైదరాబాదు విడిచి గోలకొండ కోటలో తలదాచుకొనెను. దిక్కులేని నగరము దోపిడికి గురియయ్యెను. పిమ్మట సంధి మాటలు నడచినవి. ఒక కోటి ఇరువది లక్షల రూపాయలు బాకీ క్రింద చెల్లింపవలె ననియు, ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పముగా ఇయ్యవలె ననియు, మల్ఖేడు, సేడము ప్రాంతములను వదలుకొనవలె ననియు, అక్కన్న మాదన్నలను తొలగింపవలె ననియు షరతులు వచ్చినవి.

పైకము విషయమున తానీషా బేరమాడెను గాని మంత్రుల విషయమున ఆలస్యము చేసెను. కష్టకాలమున కైవిడుచుట ఆ ఫకీరు మనస్సునకు ఒప్పలేదు. ఆ ఆలస్యమే సోదరులకు మృత్యువయ్యెను. రాజ్యమునకు వచ్చిన ఆపదకంతకు ఈ బ్రాహ్మణులే కారణమని కోటలోని సరదారులు తలచిరి. అంతఃపురమున అబ్దుల్లా కుతుబ్ షా రాణులును వారితో ఏకమైరి. 1686 తొలి మాసములలో ఒక రాత్రి సుల్తాను సన్నిధి నుండి ఇంటికి పోవుచున్న మాదన్నను గోలకొండ వీథిలో హంతకులు నరికి చంపిరి. అక్కన్నయు ఆ రాత్రియే హతుడయ్యెను. రుస్తుంరావును విడువలేదు. వారి ఇండ్లు దోచుకొనబడెను. సోదరుల శిరస్సులను మొగలు శిబిరమునకు పంపిరి.

మంత్రులను బలియిచ్చినచో రాజ్యము దక్కునని తలచినవారి ఆశ నెరవేరలేదు. మరుసటి సంవత్సరము ఔరంగజేబు స్వయముగా వచ్చి గోలకొండను ముట్టడించెను. దాదాపు ఎనిమిది మాసముల పిమ్మట, 1687 సెప్టెంబరులో, లోపలివా డొకడు లంచమునకు ఆశపడి తలుపు తీయగా కోట పడిపోయెను. తానీషా బందీయై దౌలతాబాదు కోటలో శేషజీవితమును గడపెను. మేనల్లుడు చెరనుండి వెలువడెను. మేనమామలు వీథిలో కూలిరి. రాజు చెరకు పోయెను. దైవగతి ఎవరికి తెలియును?

నిలిచిన పేరు

 మాదన్న వ్రాయించిన లెక్కల పుస్తకములు కాలగర్భమున కలిసిపోయినవి. పేరు మాత్రము రెండుచోట్ల దేవుని నీడన నిలిచినది. హైదరాబాదు పాతబస్తీలో హరిబౌలి యొద్ద మహాకాళి ఆలయమును నేటికిని అక్కన్న మాదన్న గుడి యనియే పిలుతురు. ఆషాఢమాసపు బోనాల పండుగలో ఆ గుడినుండి అమ్మవారి ఘటము ఏనుగుపై ఊరేగును. రెండవ చోటు బెజవాడ గుహలు.

ఆ గుహలను తొలిపించిన రాజు పేరు గుహ చెప్పుటలేదు. ఉలి పట్టిన శిల్పి పేరు అసలే తెలియదు. వేయి సంవత్సరముల పిమ్మట వచ్చి, ఎండవేళ నీడన కూర్చుండి, అమ్మవారికి మ్రొక్కి, తోటివారితో నాలుగు మాటలాడి పోయినవారి పేరు ఆ రాతికి అంటుకొనినది. ప్రజల జ్ఞాపకమునకు శాసనములతో పనిలేదు. తమలో ఒకడు పెద్ద పదవి నెక్కి, దేవుని మరువక, చివరకు ఆ పదవి కొరకే ప్రాణమిచ్చెనని తెలిసినప్పుడు, అతనికి నిలుచుటకు ఒక చోటు చూపవలెనని వారికి తోచినది. కొండను చూపిరి.

మాదన్న దోషరహితుడని ఎవరును చెప్పరు. ఆయన యజమానిని దింపెను. మేనల్లుని చెరలో ఉండనిచ్చెను. పన్నుల భారమున నలిగిన రైతుల నిట్టూర్పులు ఆయన పాలనలోను వినవచ్చెను. అయినను ఆ మేనల్లుని కీర్తనలు పాడునప్పుడు ఏ తెలుగు ఇల్లాలును మేనమామను శపింపదు. రాజసేవకును రామసేవకును నడుమ నలిగిన గృహస్థుని కష్టము ఆమె యెరుగును. ఇంట ఉద్యోగమును, మనస్సులో స్వామిని పెట్టుకొని బ్రతుకువా రందరిదియు కొంత మాదన్న కథయే.

కామారెడ్డి నుండియో ఎల్లారెడ్డి నుండియో నలుగురు మిత్రులతో బయలుదేరి బెజవాడ చేరిన యాత్రికుడు దుర్గమ్మ దర్శనమైన పిమ్మట కొండ దిగి ఆ గుహలో ఒక్క ఘడియ కూర్చుండవలెను. పిదప కృష్ణ దాటి ఉండవల్లిలో పవళించిన స్వామిని సేవింపవలెను. రాజ్యములు వచ్చినవి, పోయినవి. విష్ణుకుండినులు పోయిరి, కాకతీయులు పోయిరి, కుతుబ్ షాహీలు పోయిరి. శేషతల్పముపై స్వామి మాత్రము అట్లే పవళించి, తన పాదముల కడకు వచ్చిన మంత్రిని, కూలివానిని ఒక్క తీరున చూచుచున్నాడు. ఆ అనంతపద్మనాభుని కరుణ భక్తులందరిపై ప్రసరించుగాక.